పాస్‌వర్డ్ మీదైతే కేసూ మీదే: ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చునే మన పిల్లలకు చట్టం ఏం చెబుతోంది?

అమలాపురం: 2022 మే 24 సాయంత్రం ఈ ఊరు ఎలా ఉందో ఎవరూ మర్చిపోలేదు. కొత్త జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడంపై మొదలైన ఆందోళన మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లకు నిప్పు పెట్టేదాకా వెళ్లింది. ఆ వెంటనే కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆగిపోయింది. కరోనా తర్వాత హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు ఇంటి నుంచే పనిచేస్తున్న కుర్రాళ్లు, అమ్మాయిలు ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని సిగ్నల్ కోసం జిల్లా దాటాల్సి వచ్చింది. బంధువుల వైఫై, స్నేహితుడి హాట్‌స్పాట్, నెట్ సెంటర్‌లో కుర్చీ... ఏది దొరికితే అక్కడే ఆఫీసు తెరిచారు.

ఆఫీసు అంటే నాలుగు గోడలు కాదు, ఒక లాగిన్ అని ఆ రోజుల్లో అందరికీ అర్థమైంది. ఆ లాగిన్‌తో పాటు చట్టం కూడా వెంట వస్తుందన్న సంగతి మాత్రం ఇప్పటికీ చాలా ఇళ్లలో తెలియదు. కంపెనీ డేటా ఎవరి కంప్యూటర్‌లో తెరిచారు, పాస్‌వర్డ్ ఎవరికి చెప్పారు, ఏ ఫైలు ఎక్కడ కాపీ చేశారు అన్న ప్రశ్నలకు రేపు జవాబు చెప్పాల్సింది ఆ ఉద్యోగే.

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల గొడవ మాత్రమే కాదు

మన కుటుంబాల్లో కంప్యూటర్ ఉద్యోగం అనగానే సాఫ్ట్‌వేరే గుర్తొస్తుంది. కానీ అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో డిగ్రీ అయిన పిల్లలు ఎక్కువగా కూర్చునేది వేరే కుర్చీల్లో. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్, బంగారం తాకట్టు లోన్ల ఆఫీసు, స్కూలు ఆఫీసు, డీటీపీ సెంటర్, కొబ్బరి వ్యాపారి దగ్గర ట్యాలీ లెక్కలు, గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ పోస్టు. జీతం పది, పదిహేను వేలు ఉండొచ్చు. కానీ వాళ్ల చేతి కింద వేలమంది ఆధార్ నంబర్లు, రోగుల రిపోర్టులు, బ్యాంకు ఖాతాలు, జీఎస్టీ పాస్‌వర్డ్‌లు ఉంటాయి.

జీతం చిన్నదని చట్టం బాధ్యతను తగ్గించదు. ఆ లాగిన్ ఎవరిది, పని చేయడానికి అనుమతి ఉందా, ఉద్దేశం ఏమిటి? అది చూసేది ఈ మూడే.

అసలు చట్టం ఏమంటోంది?

ఆఫీసు కంప్యూటర్ల కోసం విడిగా ఒక చట్టం లేదు. 2000 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చిన ఐటీ చట్టం, దానికి 2008లో చేసిన సవరణలే ప్రధానం. ఉద్యోగి తెలుసుకోవాల్సిన సెక్షన్లు నాలుగైదు ఉన్నాయి.

మొదటిది సెక్షన్ 43. యజమాని లేదా కంప్యూటర్ బాధ్యత చూసే వ్యక్తి అనుమతి లేకుండా సిస్టమ్ తెరవడం, డేటా కాపీ చేయడం, వైరస్ ఎక్కించడం, ఫైళ్లు చెరిపేయడం, మార్చడం దీని కిందకొస్తాయి. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం కూడా ఇందులో ఉంది. దీనికి జైలు లేదు, నష్టపరిహారం కట్టాలి. 5 కోట్ల రూపాయల దాకా ఉన్న క్లెయిములను రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి హోదాలోని అధికారి విచారిస్తారు.

రెండోది సెక్షన్ 66. పైన చెప్పిన పనులనే దురుద్దేశంతో, మోసపూరితంగా చేస్తే అది నేరం. 3 ఏళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

మూడోది 66-సి. వేరేవాళ్ల పాస్‌వర్డ్, ఎలక్ట్రానిక్ సంతకం, వేలిముద్ర లాంటి గుర్తింపులను మోసపూరితంగా వాడితే 3 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. కామర్స్ చదివి అకౌంటెంట్‌గా చేరే పిల్లలకు ఇది బాగా దగ్గరి సెక్షన్. యజమాని డిజిటల్ సంతకం ఉన్న చిన్న టోకెన్ చాలా చోట్ల అకౌంటెంట్ డ్రాయర్‌లోనే పడి ఉంటుంది. రిటర్నులు వేసేదీ అతనే. యజమానికి తెలిసి, ఆయన అనుమతితో వేస్తే గొడవ లేదు. కానీ ఒక తప్పుడు బిల్లుకు క్రెడిట్ తీసుకున్నట్టు బయటపడి, యజమాని ‘నాకు తెలీదు, అంతా కుర్రాడే చేశాడు’ అంటే? అనుమతి ఉందని చూపించడానికి ఆ కుర్రాడి దగ్గర ఒక వాట్సాప్ మెసేజ్ అయినా ఉండాలి కదా!

నాలుగోది 72-ఎ. ఉద్యోగం, కాంట్రాక్టు వల్ల చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని, ఎదుటివాళ్లకు నష్టం చేయాలనో తాను లాభపడాలనో బయటపెట్టడం. గతంలో దీనికి 3 ఏళ్ల జైలు లేదా 5 లక్షల జరిమానా ఉండేది. 2023లో వచ్చిన జన్ విశ్వాస్ చట్టం జైలు తీసేసి, పెనాల్టీని 25 లక్షల వరకు పెంచింది. నెలకు పదిహేను వేలు తెచ్చుకునే ఇంటికి 25 లక్షలంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

ఇవి కాక ఆధార్‌కు సొంత చట్టం ఉంది. 2016 ఆధార్ చట్టం సెక్షన్ 37 ప్రకారం, నమోదు సమయంలోనో గుర్తింపు పరిశీలన సమయంలోనో తీసుకున్న వివరాలను అనుమతి లేనివాళ్లకు ఇస్తే 3 ఏళ్ల వరకు జైలు. ‘మన గల్లీ మనిషే కదా, ఫలానా వాళ్ల ఆధార్ వివరాలు ఫోన్‌లో పంపు’ అని అడిగే చుట్టాలకు లేదనడం కష్టమే. కానీ ఆ మొహమాటం ఖరీదు ఇదీ.

డీటీపీ సెంటర్లు, ఫొటో స్టూడియోల్లో ఇంకో సమస్య ఉంది. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ అని తెలిసీ వాడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63-బి కింద కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా ఉంది. ఆ సెక్షన్ ‘వాడినవాడు’ అనే అంటుంది, షాపు ఓనరు అని అనదు. నెట్ సెంటర్‌లో కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లకు 2011 నిబంధనలు ఉన్నాయి. వచ్చినవాళ్ల గుర్తింపు చూడాలి, ఎవరు ఏ సిస్టమ్ మీద ఎప్పుడు కూర్చున్నారో రాసిపెట్టి ఏడాది పాటు దాచాలి.

లాభం కంపెనీకి, కోర్టు మెట్లు ఉద్యోగికి

ఈ చట్టం ఉద్యోగుల మీద ఎలా పనిచేస్తుందో చెప్పే పెద్ద కేసు మన హైకోర్టులోనే నడిచింది. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ ఒక స్కీమ్ తెచ్చింది. 10,500 రూపాయల విలువైన ఫోన్‌ను మొదట 3,350 కడితే చేతికిచ్చేవాళ్లు. మూడేళ్ల పాటు వాళ్ల సర్వీసే వాడాలి. అందుకే ఆ ఫోన్‌ను వేరే నెట్‌వర్క్‌లో పనిచేయకుండా లాక్ చేశారు. పోటీ కంపెనీ టాటా ఇండికామ్ ఉద్యోగులు ఆ ఫోన్లలోని ఎలక్ట్రానిక్ సీరియల్ నంబర్‌ను మార్చి, కస్టమర్లను తమ నెట్‌వర్క్‌లోకి లాగుతున్నారని ఫిర్యాదు వచ్చింది. సీఐడీ పోలీసులు కేసు పెట్టారు.

ఉద్యోగులు కేసు కొట్టేయాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. 2005 జూలైలో తీర్పు వచ్చింది. సెల్‌ఫోన్ కూడా చట్టం దృష్టిలో కంప్యూటరేనని కోర్టు తేల్చింది. ఐపీసీ కింద పెట్టిన నమ్మకద్రోహం, మోసం, కుట్ర సెక్షన్లను కొట్టేసింది. కానీ ఐటీ చట్టం సెక్షన్ 65, అంటే సోర్స్ కోడ్‌ను తారుమారు చేయడం, దాంతో పాటు కాపీరైట్ సెక్షన్ మీద దర్యాప్తు సాగాల్సిందేనంది. ఉద్యోగులు తప్పు చేశారని ఆ తీర్పు చెప్పలేదు. ఆ సంగతి విచారణలో తేలాలంది.

ఈ కేసులో గమనించాల్సింది ఒకటుంది. కస్టమర్లు పెరిగితే లాభం కంపెనీకి. టార్గెట్ పెట్టేదీ కంపెనీయే. కానీ కేసు కొట్టేయమని పిటిషన్ పట్టుకుని కోర్టు మెట్లెక్కింది ఉద్యోగులు. సేల్స్‌లో, కలెక్షన్‌లో, కాల్ సెంటర్‌లో చేరే మన పిల్లలు మొదటి రోజే తెలుసుకోవాల్సిన పాఠం ఇది.

‘సార్ చెప్పారు, చేశాను’ అంటే సరిపోతుందా?

సరిపోదు. చట్టవిరుద్ధమైన పనిని పైవాళ్లు చెప్పారని చేసినా, చేసినవాడి బాధ్యత పోదు. నిజమే, ఐటీ చట్టం సెక్షన్ 85 కంపెనీ బాధ్యులను కూడా పట్టుకుంటుంది. నేరం కంపెనీ పేరున జరిగితే ఆ సమయంలో వ్యాపారం నడిపిస్తున్నవాళ్లు కూడా దోషులే అవుతారు. కానీ తమకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామనో నిరూపిస్తే బయటపడతారు. పెద్ద సంస్థలు చేరిన రోజే ఐటీ పాలసీ కాగితం మీద సంతకం పెట్టించుకునేది అందుకు కూడా. ‘మేం ముందే చెప్పాం’ అనడానికి వాళ్ల దగ్గర కాగితం ఉంటుంది. మన పిల్లల దగ్గర నోటి మాట ఉంటుంది.

ఎవరి లాగిన్‌తో ఏ సమయంలో ఏం జరిగిందన్నది సిస్టమ్ రాసిపెట్టుకుంటుంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు ఆ లాగ్‌లను 180 రోజులు దాచాలి. ఫైలు డిలీట్ చేస్తే జాడ పోతుందనుకోవడం భ్రమ. అదే ఆదేశాల్లో ఇంకో ముఖ్యమైన మాట కూడా ఉంది. సైబర్ దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లో సంస్థ రిపోర్టు చేయాలి. కాబట్టి పొరపాటున ఏదైనా లింకు నొక్కినా, సిస్టమ్ తేడాగా అనిపించినా భయపడి దాచకూడదు, వెంటనే పైవాళ్లకు రాతపూర్వకంగా చెప్పాలి. పొరపాటు నేరం కాదు. సెక్షన్ 66కి దురుద్దేశం ఉండాలి. కానీ పొరపాటును కప్పిపుచ్చడానికి చేసే పనులు దురుద్దేశంలాగే కనిపిస్తాయి.

కొత్తగా వచ్చిన అలవాటు కూడా ఒకటి ఉంది. ఆఫీసు ఫైలును చాట్‌జీపీటీలాంటి వాటిలో పెట్టి లెటర్ రాయించుకోవడం, లెక్కలు చూపించుకోవడం. 2023లో శాంసంగ్ ఇంజినీర్లు కంపెనీ కోడ్‌ను అలాగే పెట్టడంతో ఆ సంస్థ వాటి వాడకాన్ని నిషేధించింది. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ కూడా ఆఫీసు కంప్యూటర్లలో ఇలాంటి ఏఐ టూల్స్ వాడొద్దని తన ఉద్యోగులకు చెప్పింది. ఒక రోగి రిపోర్టునో, ఒక కస్టమర్ పాన్ వివరాలనో బయటి యాప్‌లో పెట్టడం అంటే సమాచారాన్ని సంస్థ గోడ దాటించడమే.

ఉద్యోగం మానేసేటప్పుడే ఎక్కువ గొడవలు

ఒక ఉదాహరణ అనుకుందాం. తాకట్టు లోన్ల ఆఫీసులో మూడేళ్లు పనిచేసిన అమ్మాయికి ఎదురు వీధిలోని ఇంకో ఆఫీసులో రెండు వేలు ఎక్కువ జీతం వచ్చింది. వెళ్లేముందు కస్టమర్ల లిస్టు తన మెయిల్‌కు పంపుకుంది. ‘నేను తెచ్చిన కస్టమర్లే కదా’ అని ఆమె లెక్క. చట్టం లెక్క వేరు. లిస్టు సంస్థది, అనుమతి లేని కాపీ సెక్షన్ 43 కిందకొస్తుంది, లాభం కోసం వాడితే 66 దాకా వెళ్తుంది.

అదే సమయంలో ఆమెకున్న హక్కు కూడా తెలియాలి. ‘మానేశాక రెండేళ్లు ఇదే పని ఎక్కడా చేయకూడదు’ అని బాండ్ రాయించుకుంటే అది సాధారణంగా చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం, మనిషి బతుకుదెరువును అడ్డుకునే ఒప్పందం అంతమేరకు చెల్లనిదే. నేర్చుకున్న పని ఆమెది, కంప్యూటర్‌లోని లిస్టు సంస్థది. ఈ తేడా తెలిస్తే సగం గొడవలు ఉండవు.

ఉద్యోగి మీద నిఘా సంగతేమిటి?

ఆఫీసు మెయిల్, ఆఫీసు ల్యాప్‌టాప్ చూసే అధికారం యజమానికి ఎంతవరకు ఉందన్నది మన దేశంలో ఇంకా స్పష్టంగా తేలలేదు. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం ఉద్యోగ అవసరాల కోసం, వ్యాపార రహస్యాలు బయటికి పోకుండా చూసుకోవడం కోసం ఉద్యోగి డేటాను విడిగా సమ్మతి లేకుండానే వాడుకునే వీలు యజమానికి ఇచ్చింది. ఈ చట్టం కింద నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమల్లోకి రావాలి. డేటాకు తగిన రక్షణ పెట్టకపోతే సంస్థకు 250 కోట్ల వరకు పెనాల్టీ పడొచ్చు.

ఆ భయంతో సంస్థలు ఉద్యోగుల మీద నిఘా పెంచుతాయి, పాలసీలు గట్టిపడతాయి. కాబట్టి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పెళ్లి ఫొటోలు, ఇంటి అమ్మాయిల ఫొటోలు, సొంత బ్యాంకు పాస్‌వర్డ్‌లు పెట్టకపోవడమే మేలు.

‘బెయిల్ వచ్చే కేసే కదా’ అనుకోకండి

పైన చెప్పిన 3 ఏళ్ల శిక్ష ఉన్న ఐటీ చట్టం నేరాలు బెయిలబుల్. 7 ఏళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో పోలీసులు సాధారణంగా వెంటనే అరెస్టు చేయకుండా ముందు నోటీసు ఇవ్వాలి. కొత్త బీఎన్ఎస్ఎస్‌లో అది సెక్షన్ 35. ఇన్‌స్పెక్టర్ కంటే తక్కువ హోదా అధికారి ఐటీ చట్టం నేరాలను దర్యాప్తు చేయకూడదు. ఇవి తెలిసి ఉంటే స్టేషన్ నుంచి ఫోన్ రాగానే ఇల్లంతా వణికిపోవాల్సిన పనిలేదు. కానీ యజమాని ఐటీ చట్టంతో పాటు బీఎన్ఎస్ సెక్షన్ 316 కింద కూడా ఫిర్యాదు చేయొచ్చు. ఉద్యోగి నమ్మకద్రోహానికి అక్కడ 7 ఏళ్ల వరకు శిక్ష ఉంది.

మన ఇళ్లకు అసలు దెబ్బ వేరే చోట తగులుతుంది. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించడానికి 1967 పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6 వీలిస్తుంది. అప్పుడు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. గల్ఫ్ ఉద్యోగాలకు పోలీస్ క్లియరెన్స్ అడిగినప్పుడూ అదే అడ్డంకి. కేసు ఐదేళ్ల తర్వాత కొట్టేసినా, ఆ ఐదేళ్లలో పోయిన వీసా తిరిగి రాదు.

గల్ఫ్‌కు వెళ్లాక చట్టం ఇంకా కఠినం

యూఏఈలో 2022 జనవరి 2 నుంచి అమల్లో ఉన్న సైబర్ నేరాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇతరుల ఫొటో తీయడం, పంచుకోవడం ప్రైవసీ నేరం. కనీసం 6 నెలల జైలు, లేదా లక్షన్నర నుంచి 5 లక్షల దిర్హాముల జరిమానా, లేదా రెండూ. ఆఫీసులో తోటి ఉద్యోగి ఫొటో తీసి స్టేటస్ పెట్టేముందు ఆలోచించాలి. కంపెనీ ఇచ్చిన వీపీఎన్ పని కోసం వాడితే సమస్య లేదు. నేరం చేయడానికో దాచడానికో నెట్‌వర్క్ చిరునామా మార్చితే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి మొదలవుతుంది. సౌదీలో 2007 చట్టం ప్రకారం ప్రైవేటు డేటాను చెరపడానికో బయటపెట్టడానికో అక్రమంగా సిస్టమ్‌లోకి వెళ్తే 4 ఏళ్ల వరకు జైలు, 30 లక్షల రియాళ్ల వరకు జరిమానా ఉంది. కువైట్‌కూ 2015 నాటి సొంత చట్టం ఉంది. అమలాపురంలో మొహమాటానికి పాస్‌వర్డ్ చెప్పే అలవాటు ఉన్నవాడు దుబాయ్ వెళ్లగానే మారిపోడు. అలవాటు ఇక్కడే మారాలి.

ఇంట్లో మాట్లాడుకోవాల్సినవి

చేరిన రోజు సంతకం పెట్టిన ప్రతి కాగితం కాపీ ఇంట్లో ఉండాలి. పాస్‌వర్డ్, ఓటీపీ, డిజిటల్ సంతకం ఎవరితోనూ పంచుకోకూడదు. మేనేజరు అడిగితే ‘మెయిల్‌లో రాసి పంపండి సార్’ అని మర్యాదగా అనొచ్చు. ఎదురు చెప్పినట్టేం కాదు. భోజనానికో నమాజుకో లేచేటప్పుడు స్క్రీన్ లాక్ చేయాలి. మానేసేటప్పుడు ల్యాప్‌టాప్, టోకెన్, ఫైళ్లు అప్పగించినట్టు రాయించుకోవాలి, తన లాగిన్ మూసేశారో లేదో అడిగి తెలుసుకోవాలి. లాగిన్ బతికి ఉంటే మానేసిన మనిషి పేరు మీద పని నడుస్తూనే ఉంటుంది.

తన లాగిన్‌ను ఎవరైనా వాడారని అనుమానం వస్తే ముందు సంస్థకు రాతపూర్వకంగా చెప్పాలి. మోసం జరిగితే 1930కి ఫోన్ చేయాలి. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేనివాళ్లు, మహిళలు న్యాయ సేవాధికార సంస్థ నంబర్ 15100కి ఫోన్ చేస్తే ఉచిత సహాయం దొరుకుతుంది.

తండ్రి ఊరెళ్తూ పక్కింటివాళ్లకు తాళం చెవి ఇస్తే, వాళ్లు ఆ ఇంట్లోకి వేరేవాళ్లను రానివ్వరు. దాన్ని మన ఇళ్లలో అమానత్ అంటారు, తప్పితే ఖయానత్ అంటారు. ఆసుపత్రి కౌంటర్‌లో రోగి రిపోర్టు, సచివాలయంలో ముసలమ్మ వేలిముద్ర, వ్యాపారి జీఎస్టీ పాస్‌వర్డ్ కూడా అలాంటి తాళం చెవులే. పిల్లలకు ఈ మాట చిన్నప్పుడే నేర్పాం. ఇప్పుడు అది కంప్యూటర్ ముందు కూడా వర్తిస్తుందని, తప్పితే చట్టం కూడా అడుగుతుందని చెప్పాలి. చెప్పాల్సింది మొదటి జీతం ఇంటికి వచ్చిన రోజు. నోటీసు వచ్చిన రోజు కాదు.